క్లాంప్ ఆన్ ఎర్త్ టెస్టర్‌లో ఒక చోట 0.08, ఇంకో చోట ఓఎల్ వచ్చింది: మీటర్ పాడైందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. కొత్తగా క్లాంప్ ఆన్ ఎర్త్ టెస్టర్ (వైరును విప్పకుండా నోటితో పట్టుకుని ఎర్త్ ఓమ్స్ చూపించే మీటర్) కొన్నారు. ఒక ఫ్యాక్టరీలో ఎర్త్ పిట్ (ఎర్త్ పైపు పాతిన గుంత) దగ్గర ఫ్లాట్‌కు, అంటే ఇనుప పట్టీకి, పెడితే 0.08 ఓమ్స్ చూపించింది. మర్నాడు ఒక అపార్ట్‌మెంట్‌లో పిట్ వైరుకు పెడితే ఓఎల్ (మీటర్ కొలవగలిగే హద్దు దాటిందన్న గుర్తు) అని వచ్చింది. మీటర్ పాడైందా, ఇకమీదట పాత పద్ధతిలోలా స్పైకులు (నేలలో దించే ఇనుప కడ్డీలు) పాతకుండా దీంతోనే రిపోర్టు ఇవ్వచ్చా, దీన్ని జాగ్రత్తగా వాడుకోవడం ఎలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. మీ మీటర్ బాగానే ఉండి ఉంటుంది. కానీ ఆ రెండు రీడింగుల్లో ఏదీ పిట్ రెసిస్టెన్స్ కాదు. వాటితో రిపోర్టు ఇవ్వకండి. మొదటిది ఇనుప ఫ్లాట్ చుట్టూ తిరిగొచ్చిన కరెంటు. రెండోది కరెంటు తిరిగి రావడానికి దారే లేదని మీటర్ చెప్పడం. స్పైకుల సెట్ అమ్మేయకండి, రెండూ ఉండాలి.

ఇరవై రెండేళ్ళుగా ఎర్తింగ్ వేస్తూ, కొలుస్తూ ఉన్నాను. క్లాంప్ మీటర్ చేతికొచ్చి పదకొండేళ్ళవుతోంది. మొదట్లో నాకూ ఇదే అయోమయం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ మీటర్ అసలు ఏం కొలుస్తుంది

క్లాంప్ తలలో రెండు కాయిల్స్ ఉంటాయి. ఒకటి మీరు పట్టుకున్న వైరులో తెలిసినంత చిన్న వోల్టేజీని పుట్టిస్తుంది. రెండోది దానివల్ల ఎంత కరెంటు పారుతోందో చూస్తుంది. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే ఓమ్స్. లైన్ కరెంటు 50 హెర్ట్జ్‌తో కలిసిపోకుండా, వెయ్యి హెర్ట్జ్ దాటిన వేరే ఫ్రీక్వెన్సీలో ఈ పని చేస్తుంది.

ఇక్కడ ఆలోచించాల్సింది ఒక్కటే: ఆ కరెంటు ఎటు వెళ్ళి ఎటు తిరిగొస్తోంది? మీ పిట్‌లోంచి మట్టిలోకి దిగాలి, మట్టిలోంచి వేరే పిట్ల ద్వారా పైకి రావాలి, పైనున్న వైరు మీదుగా మళ్ళీ మీ క్లాంప్ దగ్గరికి చేరాలి. అంటే మీటర్ చూపించేది మీ పిట్ ఒక్కదానిదే కాదు. మీ పిట్, దానికి తోడు మిగతా పిట్లన్నీ పారలల్‌లో కలిసినది.

లెక్క చూడండి. ఒక్కోటి 10 ఓమ్స్ ఉన్న పిట్లు ఆరు ఉన్నాయనుకుందాం. ఒకదానికి క్లాంప్ పెడితే 10, దానికి మిగతా అయిదింటి పారలల్ 2 కలిపి 12 వస్తుంది. అదే అరవై పిట్లు ఉంటే 10కి 0.17 మాత్రమే కలుస్తుంది, రీడింగ్ 10.17. అందుకే పిట్లు ఎక్కువయ్యే కొద్దీ ఈ మీటర్ నిజానికి దగ్గరవుతుంది. రెండే పిట్లుంటే 10, 10 కలిసి 20 చూపిస్తుంది. ఒక్కటే ఉంటే తిరుగుదారి లేదు కాబట్టి ఓఎల్.

అమెరికాలో పంపిణీ లైన్ల న్యూట్రల్‌ను మైలుకు కనీసం నాలుగు చోట్ల ఎర్త్ చేయాలని వాళ్ళ కోడ్ ఉంది. అలాంటి స్తంభం దగ్గర క్లాంప్ పెడితే వందల ఎర్తులు పారలల్‌లో ఉన్నట్టే. మీటర్‌తో వచ్చే పుస్తకాల్లో బొమ్మలు చాలావరకు ఆ పద్ధతికి సంబంధించినవే. మన 11 కేవీ లైన్లో మూడు తీగలే, న్యూట్రల్ రాదు. ఊళ్ళో ఇళ్ళ ఎర్తింగ్ న్యూట్రల్‌తో కలవదు. కాబట్టి ఆ బొమ్మలు చూసి మన దగ్గర అలాగే పెడితే తప్పులు వస్తాయి.

0.08 ఎందుకు నమ్మకూడదు

మూడు మీటర్ల పొడవు, 40 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పైపు తీసుకోండి. మట్టి రెసిస్టివిటీ (మట్టి కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) 50 ఓమ్ మీటర్ అయితే ఆ ఒక్క పైపుకు లెక్క ప్రకారం సుమారు 15 ఓమ్స్ వస్తుంది. తడిగా ఉన్న మంచి నల్లరేగడి, 10 ఓమ్ మీటర్ అనుకున్నా 3 ఓమ్స్ దాకా ఉంటుంది. బొగ్గు, ఉప్పు, బెంటోనైట్ అనే బంకమట్టి వేస్తే కొంత తగ్గుతుంది నిజమే. అయినా ఒక్క పైపు 0.08కి రాదు. ఒక పిట్ దగ్గర అర ఓమ్ కంటే తక్కువ కనిపించిందంటే, మట్టిని కాకుండా ఇనుమును కొలుస్తున్నామేమో అని ముందు అనుమానించాలి.

ఫ్యాక్టరీల్లో మనం చేసే పని గుర్తు చేసుకోండి. నాలుగైదు పిట్లు వేసి, వాటిని జీఐ ఫ్లాట్‌తో చుట్టూ రింగ్ చేస్తాం. ప్రతి పైపు తలకు రెండు ఫ్లాట్లు బోల్టు చేసి ఉంటాయి, ఒకటి ఎడమ పిట్ నుంచి వచ్చేది, ఒకటి కుడి పిట్‌కు వెళ్ళేది. మీరు అందులో ఒక్క ఫ్లాట్‌నే క్లాంప్‌లో పట్టుకున్నారు. మీటర్ కరెంటు మట్టిలోకి దిగనే లేదు. ఆ ఫ్లాట్ మీదుగా రింగ్ అంతా తిరిగి రెండో ఫ్లాట్ నుంచి వచ్చేసింది. మీరు చూసిన 0.08 ఆ ఇనుప రింగ్ కంటిన్యుటీ. పిట్‌లో పైపు ఉన్నా లేకపోయినా అదే రీడింగ్ వస్తుంది.

లేకపోయినా అని ఊరికే అనలేదు. మిర్యాలగూడ వైపు ఒక చిన్న రైస్ మిల్లు, ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) సర్వీసు. వానాకాలంలో ఎలివేటర్ బాడీ ముట్టుకుంటే జివ్వుమంటోందని పిలిచారు. వాళ్ళ దగ్గర వరుసగా మూడేళ్ళ ఎర్త్ రిపోర్టులు ఉన్నాయి, నాలుగు పిట్లకూ 0.1, 0.1, 0.09, 0.1. చూడగానే అనుమానం వచ్చింది. స్పైకులు పాతి కొలిస్తే నాలుగూ కలిపి 38 ఓమ్స్.

ఒక పిట్ మూత తీశాం. లోపల కాంక్రీటు గోడకు తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. పైపు తల మీద చెక్ నట్ ఆకారమే తెలియడం లేదు, తుప్పు ముద్దలా ఉంది. బోల్టు చుట్టూ జింకు పోయి తెల్ల పొడి. ఫ్లాట్ మాత్రం గట్టిగా ఉంది. పైపును పట్టుకుని అటూ ఇటూ కదిపాను. మట్టి మట్టానికి జానెడు కింద విరిగి చేతికి వచ్చేసింది. లోపలికి చూస్తే గోడ మందం కాగితంలా అయిపోయింది. ఏటా వేసిన ఉప్పు దాన్ని తినేసింది. మిగతా మూడింటి పరిస్థితీ దాదాపు అంతే.

ప్యానెల్ నుంచి రింగ్‌కు వెళ్ళే మెయిన్ ఎర్త్ వైరు మీద లీకేజీ చూస్తే ఒకటిన్నర ఆంపియర్. 38 ఓమ్స్‌తో గుణిస్తే 57 వోల్టులు. మిల్లులో ప్రతి మోటారు బాడీ మీదా ఆ వోల్టేజీ ఉంది. తడి గచ్చు మీద చెప్పుల్లేకుండా హమాలీలు తిరుగుతున్నారు. ఆ రిపోర్టులు రాసినతను మోసం చేశాడని నేననుకోను, అతనికి మీటర్ ఏం చూపిస్తోందో తెలియదు. కానీ ఆ 0.1 అనే అంకె వల్ల మూడేళ్ళపాటు ఎవరూ పిట్ మూత తీయలేదు. చెమ్మ పట్టిన మోటారును వైండింగ్‌కు పంపి, కొత్త పిట్లు వేశాక మొత్తం 3.4కి వచ్చింది.

మీ ఫ్యాక్టరీలో చేయాల్సింది: పైపు తల దగ్గరున్న రెండు ఫ్లాట్లూ కలిపి క్లాంప్ నోట్లో పట్టేలా చూడండి. అప్పుడు పైపులోంచి మట్టికి దిగే కరెంటు మాత్రమే లెక్కకు వస్తుంది. చిక్కేమిటంటే 50 బై 6 ఫ్లాట్ చాలా మీటర్ల నోట్లో ఒక్కటి కూడా పట్టదు. కొనేటప్పుడే నోరు పొడుగ్గా ఉండే మోడల్ చూసుకోవాలి. లేదంటే పవర్ షట్‌డౌన్ తీసుకుని, రెండు ఫ్లాట్లనూ ఒకదానికొకటి కలిపి ఉంచి, పైపు నుంచి మాత్రం విడదీసి, పైపుకూ ఫ్లాట్లకూ మధ్య మూరెడు రాగి ఫ్లెక్సిబుల్ వైరు బిగించి, ఆ వైరుకు క్లాంప్ పెట్టాలి. కరెంటు ఉండగా ఈ పని వద్దు.

పిట్లు పైన ఫ్లాట్‌తోనూ, కింద భూమిలో ఇంకో ఫ్లాట్‌తోనూ రెండుసార్లు కలిపి ఉంటే మాత్రం క్లాంప్‌తో ఎలా పెట్టినా లాభం లేదు. అక్కడ స్పైకుల పద్ధతే.

అపార్ట్‌మెంట్‌లో ఓఎల్

ఇది తేలిక. ఒకటే పిట్, న్యూట్రల్‌తో కలవదు, వేరే ఎర్త్ లేదు. తిరుగుదారి లేక మీటర్ ఓఎల్ అంది. అది చూసి పిట్ పాడైందని ఓనర్లతో కొత్త పిట్ వేయించకండి. అలా వేయించినవాళ్ళను చూశాను, పాపం ఆ డబ్బంతా వృథా.

సరైన పద్ధతి మూడు టెర్మినల్స్ ఉన్న మామూలు ఎర్త్ టెస్టర్. కరెంటు స్పైకు దూరంగా, పొటెన్షియల్ స్పైకు ఆ దూరంలో 62 శాతం దగ్గర. తర్వాత పొటెన్షియల్ స్పైకును ఆ దూరంలో పదో వంతు ముందుకూ, వెనక్కూ జరిపి మళ్ళీ చూడాలి. మూడు రీడింగులూ దగ్గరగా ఉంటేనే ఆ అంకె నమ్మాలి. తేడా వస్తే కరెంటు స్పైకును ఇంకా దూరం తీసుకెళ్ళాలి. కొలిచేటప్పుడు పిట్‌ను ఇంటి వైరింగ్ నుంచి విడదీయాలి, దానికి ముందు మెయిన్ ఆపాలి.

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ చుట్టూ సిమెంటు, పార్కింగ్ టైల్స్, బయట తారు రోడ్డు. స్పైకు దిగేదెక్కడ అంటారు. సిమెంటు గచ్చు నేరుగా నేల మీద వేసినదైతే స్పైకును పడుకోబెట్టి, తడి గోనెసంచి కప్పి, నీళ్ళు పోసి కాసేపు వదిలేస్తే పనిచేస్తుంది. తారు మీద ఇది కుదరదు. సెల్లార్ స్లాబ్ మీదా కుదరదు, కింద నేల లేదు కదా.

ఇంకో ఉపాయం, ఇది నాకు చాలాసార్లు పనికొచ్చింది. కాంపౌండ్‌లో బోరుకు ఇనుప కేసింగ్ ఉందేమో చూడండి. పీవీసీ అయితే పనికిరాదు. పిట్ నుంచి కేసింగ్‌కు తాత్కాలికంగా ఒక వైరు లాగి, ఆ వైరుకు క్లాంప్ పెట్టండి. పిట్ ఓమ్స్, కేసింగ్ ఓమ్స్ రెండూ కలిపి వస్తాయి. 4.6 వచ్చిందనుకోండి, పిట్ ఒక్కటీ అంతకంటే తక్కువే అని ధైర్యంగా చెప్పచ్చు. అయితే పిట్‌కూ బోరుకూ మధ్య దూరం బాగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, సబ్‌మెర్సిబుల్ మోటారు ఎర్త్ వైరు ద్వారా కేసింగ్ ఇప్పటికే అదే పిట్‌కు కలిసి ఉందేమో చూడాలి. ఉంటే మళ్ళీ ఇనుప లూపే, 0.3 లాంటి అందమైన అంకె కనిపిస్తుంది. స్టార్టర్ దగ్గర సప్లై ఆపి, ఆ ఎర్త్ వైరు విడదీసి కొలిచి, మర్చిపోకుండా మళ్ళీ బిగించాలి.

ఇళ్ళ విషయంలో ఒక మాట కలుపుతాను. పిట్ 5 ఓమ్స్ ఉంది, చాలు అని నిశ్చింతగా ఉంటారు. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ పిట్ కూడా 5 అనుకుంటే, ఫేజు బాడీకి తగిలినప్పుడు 230ని 10తో భాగిస్తే 23 ఆంపియర్లు పారతాయి. 32 ఆంపియర్ల ఎంసీబీ ఆ కరెంటుకు ట్రిప్ అవదు. గీజర్ బాడీ మీద వోల్టేజీ అలాగే నిలిచి ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీ కనిపించగానే సప్లై ఆపే స్విచ్) ఉంటేనే ప్రాణానికి రక్షణ. ఎర్త్ కొలవడానికి వెళ్ళిన ప్రతి ఇంట్లో ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ కూడా నొక్కి చూడండి.

ఈ మీటర్ నిజంగా పనికొచ్చే చోట్లు

పెద్ద బిల్డింగుల మీద లైట్నింగ్ అరెస్టర్ డౌన్ కండక్టర్లు (పిడుగును నేలలోకి దించే పట్టీలు). పైన టెర్రస్ మీద కలిసి ఉంటాయి, కింద ఒక్కోదానికి ఒక్కో పిట్. కింద రింగ్ లేకపోతే ఇది ఈ మీటర్ కోసమే చేసినట్టు ఉంటుంది. ఒక కాలేజీ బిల్డింగులో నాలుగు కండక్టర్లకు వరుసగా 6.1, 5.8, 6.4, 27 వచ్చాయి. పావుగంట పని. నాలుగోదాని టెస్ట్ లింక్ విప్పితే రాగి పట్టీకీ జీఐ పట్టీకీ మధ్య పచ్చగా చిలుము. ఎమెరీ కాగితంతో రుద్ది, కొత్త బోల్టు వేస్తే 6.3కి దిగింది. స్పైకులతో ఈ పని సగం రోజు తీసుకునేది, పైగా ఒక్కో కండక్టర్ విప్పాలి.

అంటే అంకె ఎంత కచ్చితం అన్నదానికంటే, ఒకే చోట ఏటేటా వచ్చే మార్పు, పక్కపక్క పిట్ల మధ్య తేడా పట్టుకోవడంలో దీని విలువ ఎక్కువ. నిరుడు 7 ఉన్నది ఈ ఏడు 40 అయితే ఏదో ఊడింది, లేదా తుప్పు తినేసింది. అది చాలు మూత తీయడానికి.

ట్రాన్స్‌మిషన్ టవర్ల దగ్గర మామూలు క్లాంప్ వాడకండి. నాలుగు కాళ్ళూ పైన ఇనుముతో కలిసే ఉంటాయి, ఒక కాలికి పెడితే మిగతా మూడు కాళ్ళ మీదుగా కరెంటు తిరిగొస్తుంది. దానికి వేరే పరికరాలున్నాయి.

సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న చోట, పిట్లు విడివిడిగా ఉంటే ఇంకో పద్ధతి ఉంది. ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌కు లైన్ సప్లై ఆపే స్విచ్) తీసి, డిశ్చార్జ్ చేసి, ఎర్త్ లీడ్లు విడదీశాక మాత్రమే ఇది. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ట్రాన్స్‌ఫార్మర్ అయితే వాళ్ళ స్టాఫ్ ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని చేయాలి, మనం ముట్టుకోకూడదు. మూడు పిట్లను రెండేసి చొప్పున తాత్కాలిక వైరుతో కలిపి, వైరుకు క్లాంప్ పెట్టాలి. ఒకటి, రెండు కలిపితే 9.2, రెండు, మూడు కలిపితే 11.4, ఒకటి, మూడు కలిపితే 8.6 వచ్చాయనుకోండి. మొదటి పిట్ కావాలంటే అది ఉన్న రెండు రీడింగులూ కూడి, లేనిది తీసేసి, సగం చేయాలి: 9.2, 8.6 కూడితే 17.8, అందులో 11.4 పోతే 6.4, సగం 3.2. అలాగే రెండోది 6, మూడోది 5.4. పిట్లు మరీ దగ్గరగా ఉంటే ఈ లెక్క తప్పుతుంది. పైపు పొడవుకు రెండింతలైనా ఎడం ఉండాలి.

కొలిచేటప్పుడు నా వరుస

పిట్ దగ్గరికి వెళ్ళగానే ఓమ్స్ చూడను. ముందు ఆంపియర్ మోడ్‌లో పెట్టి లీకేజీ చూస్తాను. ఎర్త్ వైరే కదా అని చేత్తో పట్టుకోవడం, స్పానర్ వేయడం ఈ పనిలో అన్నిటికంటే ప్రమాదం. లీకేజీ పారుతున్న ఎర్త్‌ను విప్పితే, విప్పిన రెండు కొసల మధ్య వోల్టేజీ వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ ఎర్త్‌ను సప్లై ఉండగా ఎప్పుడూ విప్పకూడదు. ఒక్కసారి ఏమీ కాలేదని రెండోసారి ధైర్యం చేయకండి. క్లాంప్ మీటర్ వల్ల మనకున్న పెద్ద మేలు విప్పకుండా కొలవగలగడమే.

లీకేజీ ఎక్కువుంటే కొన్ని మీటర్లు నాయిస్ గుర్తు చూపిస్తాయి, అంకె గంతులు వేస్తుంది. అప్పుడు ఆ రీడింగ్ రాయకూడదు. మీ మీటర్ ఎంత లీకేజీ వరకు సరిగ్గా చెప్తుందో మాన్యువల్‌లో ఉంటుంది, ఒకసారి చూసి తల మీద స్టిక్కర్ రాసి అంటించుకోండి.

తర్వాత వైరు ఎక్కడెక్కడ చీలుతోందో కళ్ళతో వెతుకుతాను. పైపుకూ మొదటి జాయింటుకూ మధ్యలోనే క్లాంప్ పెట్టాలి. మబ్బు పట్టి ఉరుములు వినిపిస్తుంటే అరెస్టర్ పిట్ల దగ్గరికి వెళ్ళను, ఎవరు తొందరపెట్టినా సరే.

మీటర్ సంరక్షణ

దీనికి ప్రాణం నోటి అంచుల్లో ఉంది. రెండు కోర్ ముఖాలు ఒకదానికొకటి పూర్తిగా ఆనాలి. ఇంట్లో ఒక ప్రయోగం చేయండి: మీటర్‌తో వచ్చిన చెక్ లూప్‌కు (ఓమ్స్ ముందే తెలిసిన రింగు) క్లాంప్ పెట్టి రీడింగ్ చూడండి. ఇప్పుడు నోటి మధ్య చిన్న కాగితం ముక్క పెట్టి మూయండి. రీడింగ్ ఎలా దారి తప్పుతుందో, లేదా నోరు తెరిచి ఉందన్న గుర్తు ఎలా వస్తుందో మీకే కనిపిస్తుంది. పిట్ దగ్గర ఇసుక రేణువు, తుప్పు పొడి చేసే పని కూడా అదే.

రోజూ పని అయ్యాక పొడి మెత్తని గుడ్డతో ఆ ముఖాలు తుడవాలి. ఎమెరీ కాగితం, గ్రీజు, నూనె, తుప్పు వదిలించే స్ప్రే ఏదీ వద్దు. నూనె దుమ్మును పట్టుకుంటుంది, కాగితం ముఖాన్ని గీకేస్తుంది. ట్రిగ్గర్ నొక్కి టప్పున వదిలేయకండి. మెల్లగా మూయాలి. ఆ దెబ్బకు కోర్ అంచు చిట్లితే బాగుచేయడం దాదాపు కుదరదు. క్లాంప్‌తో వైరును లాగడం, ఫ్లాట్‌ను బలవంతంగా నోట్లోకి దూర్చడం కూడా ఇలాంటివే.

ఆన్ చేసేటప్పుడు చాలా మీటర్లు తమను తాము సరిచూసుకుంటాయి. ఆ కాసేపు నోరు మూసి, ఏ వైరూ పట్టుకోకుండా ఉంచాలి. వైరుకు పెట్టి ఆన్ చేస్తే ఆ రోజంతా రీడింగులు తేడాగా రావచ్చు. ఇది నేను మా కుర్రాళ్ళకు మళ్ళీ మళ్ళీ చెప్పే మాట.

పొద్దున మొదటి పిట్‌కు ముందు, సాయంత్రం చివరి పిట్ తర్వాత చెక్ లూప్ చూడండి. చెక్ లూప్ పోతే 10 ఓమ్స్, 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ తెచ్చి, పొట్టి రాగి వైరుతో లూప్ చేసి టంకం పెట్టుకోండి. పావు వాట్‌ది చాలు. వైర్ వూండ్ రెసిస్టర్ వద్దు, అది చుట్ట కాబట్టి ఈ ఫ్రీక్వెన్సీలో దాని ఇండక్టెన్స్ కూడా కలుస్తుంది. రెండు పూటలా వచ్చిన అంకెలు డైరీలో రాస్తే, మీటర్ ఎప్పుడు జారడం మొదలుపెట్టిందో తెలిసిపోతుంది. ఏడాదికోసారి ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో కాలిబ్రేషన్ చేయించండి, ఆ కాగితం కాపీ రిపోర్టుతో జతచేయండి.

బ్యాటరీ గుర్తు వచ్చాక ఇంకో రెండు పిట్లే కదా అనుకోకండి, అక్కడే ఆపి మార్చండి. నెల రోజులు వాడకపోతే బ్యాటరీలు తీసి పెట్టండి. ఎండాకాలంలో కారు డాష్‌బోర్డు మీదా, బండి డిక్కీలోనూ వదిలేయకండి. మన కొలతలు ఎక్కువ ఎండాకాలంలోనే కాబట్టి ఇది మరీ గుర్తుంచుకోవాలి. పిట్ ఆవిరి తగిలి తడిస్తే హెయిర్ డ్రయర్ పెట్టకుండా నీడలో ఆరనివ్వండి.

రిపోర్టు సంగతి

ఎండాకాలంలో, పొడి రోజున, కనీసం రెండేళ్ళకోసారి ఎర్త్ కొలవాలన్న నియమం 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లోనే ఉండేది. అందులో అర్థం ఉంది. మట్టి ఎండి, నల్లరేగడి నెర్రెలు విచ్చి, పైపును వదిలేసినప్పుడు ఎంత ఉంటుందో అదే మనకు కావాలి. ఇన్‌స్పెక్షన్ అని పొద్దున్నే నాలుగు బిందెలు పోసి కొలిస్తే, ఆ అంకె రెండు రోజులు కూడా నిలవదు. రోజూ నీళ్ళు పోసే అలవాటున్న పిట్ అయితే ఆ మాట రిపోర్టులో రాయండి.

మన దగ్గర సాధారణంగా అనుకునే హద్దులు 33 కేవీ సబ్‌స్టేషన్‌కు 2 ఓమ్స్, డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్‌కు 5, టవర్ ఫుటింగ్‌కు 10. రాళ్ళ నేలలో ఒక్క పిట్‌తో ఇవి రావు, పిట్లు పెంచాల్సిందే.

రిపోర్టులో అంకె పక్కన ఈ మూడూ తప్పక రాయండి: ఏ పద్ధతిలో కొలిచారు, ఎన్ని పిట్లు కలిసి ఉండగా కొలిచారు, క్లాంప్ ఎక్కడ పెట్టారు. క్లాంప్ రీడింగును పిట్ రెసిస్టెన్స్ అని రాయకుండా క్లాంప్ లూప్ రీడింగ్ అనే రాయండి. కొత్త ఇన్‌స్టలేషన్‌కు మొదటిసారి స్పైకులతో కొలిచి, అదే రోజు క్లాంప్ రీడింగ్ కూడా రాసి పెట్టుకుంటే, తర్వాతి ఏళ్ళలో పోల్చుకోవడానికి ఆధారం ఉంటుంది.

ఇప్పుడు మీరు ఆ ఫ్యాక్టరీకి మళ్ళీ వెళ్ళి ఆ 0.08 పిట్ మూత తీయండి. పైపు తలకు ఎన్ని ఫ్లాట్లు వస్తున్నాయో లెక్కపెట్టండి, చెక్ నట్ ఎలా ఉందో ఫోటో తీయండి. షట్‌డౌన్ ఇస్తే పైన చెప్పిన రాగి వైరు పద్ధతిలో కొలిచి, రీడింగ్, పిట్ల సంఖ్య ఇక్కడ పెట్టండి. చూసి చెప్తాను.